రౌటరు మార్చాలా, వద్దా?

ఆదివారం పొద్దున్న తొమ్మిదైందంటే మా ఇంట్లో అమ్మతో వీడియో కాల్. ఇక్కడ న్యూజెర్సీలో నేను రెండో కాఫీ కప్పుతో కూర్చునేసరికి అక్కడ తెనాలిలో రాత్రి ఏడున్నర అవుతుంది. అమ్మ దీపం పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని ఫోను ముందు సిద్ధంగా ఉంటుంది. నాన్న పోయిన ఈ ఆరేళ్ళలో ఈ కాల్ తప్పిన ఆదివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

నవంబరులో ఒక ఆదివారం అమ్మ, "పక్కింటి అమ్మాయికి సంబంధం కుదిరిందే! పిల్లవాడు..." అంటూ నోరు సగం తెరిచి అలాగే ఆగిపోయింది. తెర మీద చక్రం గిరగిరా తిరగడం మొదలైంది. పిల్లవాడు ఏం చేస్తాడో, ఏ ఊరివాడో తెలిసేలోగా కాల్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే, "ఏమిటోనే, నువ్వు మాట్లాడేది ఒక్క ముక్క తెలియట్లేదు. మీ నెట్ బాగోలేదు" అంది. నాలుగైదు నెలలుగా వారం వారం ఇదే మాట.

పక్కన సోఫాలో ఉన్న మావారు ఇలాంటి సమయం కోసమే ఎదురు చూస్తున్నట్టున్నారు.

"నేను ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నాను, రౌటరు మార్చాలని. ఈ ఇల్లు కొన్నప్పుడు 2016లో పెట్టింది. ఇంకా అదే పట్టుకుని వేలాడుతున్నాం" అంటూ తన ఫోను నా ముందు పెట్టారు. నల్లటి పెట్టె, దానికి ఎనిమిది కొమ్ములు. వెల్లకిలా పడ్డ సాలీడులా ఉంది. థాంక్స్‌గివింగ్ సేల్‌లో 499 డాలర్లట.

"ఐదొందలా! ఏముందండీ అందులో?"

"వైఫై 7. బీఈ 19000. సెకనుకి పందొమ్మిది గిగాబిట్లు!" అన్నారు, తనే తయారు చేసినంత గర్వంగా. పైనుంచి మా చిన్నాడు, "యెస్ డాడ్! నా గేమ్ కూడా ఆగుతోంది" అని వంత పాడాడు. వాడికి ఎప్పుడూ లేని పితృభక్తి అది.

ఐదొందల డాలర్లంటే నా లెక్కలో అమ్మ దగ్గరికి వెళ్ళే విమానం టికెట్టులో మూడో వంతు. ఆ మాటే అన్నాను. "అత్తయ్యగారి మాట వినపడకపోయాక ఆ డబ్బులు దాచుకుని ఏం చేస్తావోయ్?" అన్నారు మావారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇరవై నాలుగు గంటలు టైమివ్వమన్నాను.

ఆ సాయంత్రం గోంగూర పచ్చడి సీసా పట్టుకుని మా వీధి చివర ఉండే వదిన దగ్గరికి వెళ్ళాను. వరస కలిపి వదిన అంటాను గాని చుట్టం కాదు. ఆవిడ ఇరవై ఏళ్ళుగా నెట్‌వర్క్ ఇంజినీరు. నా గోడంతా విని, "కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ముందు జబ్బు ఎక్కడుందో చూసుకో. నొప్పి మోకాల్లో ఉంటే చెప్పులు మార్చి ఏం లాభం?" అంది.

వదిన చెప్పిన ప్రకారం జబ్బు మూడు చోట్ల ఉండచ్చు. వీధిలోంచి మన ఇంటికి వచ్చే లైనులో ఉండచ్చు. రౌటరు నుంచి మన ఫోను దాకా గాలిలో వచ్చే దారిలో ఉండచ్చు. లేదా అవతలి వాళ్ళ ఇంట్లో ఉండచ్చు. కొత్త రౌటరు బాగు చెయ్యగలిగేది ఈ మూడింటిలో మధ్యదాన్ని మాత్రమే. మిగతా రెండింటికీ బంగారంతో చేసిన రౌటరు తెచ్చినా ఉపయోగం లేదు.

మర్నాడు ఇంటి నుంచే పని కాబట్టి, మధ్యాహ్నం ఖాళీలో పరీక్షలు మొదలుపెట్టాను. మొదటిది లైను. లాప్‌టాప్‌ని వైరుతో నేరుగా రౌటరుకి తగిలించి స్పీడు చూడాలి. నా లాప్‌టాప్‌కి ఆ వైరు పట్టే కన్నమే లేదు, వదిన దగ్గర చిన్న అడాప్టరు తెచ్చుకున్నాను. మేం నెల నెలా డబ్బు కట్టేది 300 ఎంబీపీఎస్‌కి. వైరుతో 310 వచ్చింది. అంటే లైనులో లోపం లేదు.

రెండో పరీక్ష, వైరు తీసేసి రౌటరు పక్కనే నిలబడి వైఫైలో చూడటం. 270. తొమ్మిదేళ్ళ ముసలి పెట్టెకి ఇది తక్కువేం కాదు. తర్వాత పైకి వచ్చి, అమ్మతో మాట్లాడే గదిలో కూర్చుని చూశాను. 14. చిన్నాడి గదిలో 9.

మా రౌటరు ఎక్కడుందో ఇప్పుడు చెప్పాలి. బేస్‌మెంటులో, హీటింగు ఫర్నేసుకీ వేడినీళ్ళ ట్యాంకుకీ మధ్య. ఇల్లు కొన్నప్పుడు కేబులు వేసిన మనిషి అక్కడ పెట్టి వెళ్ళాడు. చూడ్డానికి అడ్డంగా లేదని మేమూ సంతోషించాం. ఒక పక్క ఇనుము, ఇంకో పక్క ట్యాంకు నిండా నీళ్ళు. వైఫైకి ఈ రెండూ పరమ శత్రువులు. ఇనుము సిగ్నలుని వెనక్కి కొడుతుంది, నీళ్ళు తాగేస్తాయి. ఆ రెండూ దాటుకుని, రెండు అంతస్తులు ఎక్కి, నా గదికి వచ్చేసరికి దానికి ఆయాసం రాదా మరి!

వదిన ఇంకో సంగతి చెప్పింది. వైఫైకి రెండు దారులుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దారి దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కాని స్పీడు తక్కువ, రద్దీ ఎక్కువ. మన మైక్రోవేవ్ కూడా ఆ దారిలోనే పని చేస్తుంది. అందుకే పాలు వేడి చేస్తున్నప్పుడు వంటింట్లో కాల్ తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్ దారి బాగా వేగం, కాని గోడలకి భయపడుతుంది. కొత్త రౌటర్లలో వచ్చే 6 గిగాహెర్ట్జ్ ఇంకా వేగం, ఇంకా భయస్తురాలు. కాబట్టి ఐదొందలు పోసి ఆ సాలీడుని తెచ్చి మళ్ళీ ఫర్నేసు పక్కనే పెడితే, పైగదికి వచ్చే భాగ్యం దాదాపు ఇంతే.

మరి ఆ పందొమ్మిది గిగాబిట్ల సంగతేమిటి? పెట్టె మీద రాసే ఆ అంకె అన్ని దారుల గరిష్ఠ వేగాలనీ కలిపి వేసిన కూడిక. ఏ ఒక్క ఫోనుకీ అంత రాదు. పైగా ఇంటికి వచ్చేది 300 అయినప్పుడు లోపల పందొమ్మిది వేలకి దారి వేసి ఏం చేస్తాం? మున్సిపాలిటీ పంపు కింద గోదారంత గంగాళం పెట్టినట్టు! నా ఫోను 2019 నాటి ఐఫోన్ 11. దానికి వైఫై 6 దాకానే వచ్చు. రౌటరు వైఫై 7 మాట్లాడినా అది వైఫై 6లోనే జవాబు చెప్తుంది. ఇంతకీ మనకి కావలసింది ఎంత? నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 4కే సినిమాకి 15 ఎంబీపీఎస్ చాలంటారు. వీడియో కాల్‌కి రానూ పోనూ మూడు నాలుగు నిలకడగా ఉంటే సరిపోతుంది.

శనివారం మావారూ నేనూ కలిసి రౌటరుని, మోడెంని కింది అంతస్తు ఫ్యామిలీ రూములోకి మార్చాం. అక్కడ టీవీ కోసం పెట్టిన కేబులు కన్నం ఎలాగూ ఉంది. నేల మీద కాకుండా, టీవీ వెనక దాక్కోకుండా, పుస్తకాల అలమార పైన పెట్టాం. పైగదిలో 140 వచ్చింది. చిన్నాడి గదిలో 95. ఖర్చు సున్నా. మావారి ముఖంలో ఆనందం, నిరాశ రెండూ కనిపించాయి.

ఆదివారం ధైర్యంగా అమ్మకి కాల్ చేశాను. ఐదు నిమిషాలకి అమ్మ మళ్ళీ బొమ్మలా ఆగిపోయింది!

"చూశావా? రౌటరే" అన్నారు మావారు.

నేను వెంటనే హైదరాబాదులో ఉన్న చెల్లికి చేశాను. అరగంట మాట్లాడితే ఒక్కసారి కూడా తెగలేదు. సాయంత్రం ఒక మీటింగు, అదీ శుభ్రంగా నడిచింది. అంటే మా వైపు బాగానే ఉంది. మిగిలింది వదిన చెప్పిన మూడో చోటు.

తెనాలిలోనే ఉండే మా పిన్ని కొడుకుని బతిమాలి అమ్మ దగ్గరికి పంపాను. వాడు వీడియో తీసి పంపాడు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మ రౌటరుని ఇనప బీరువా వెనక మూలలో పెట్టి, దుమ్ము పడకుండా దాని మీద పాత జాకెట్టు గుడ్డ కప్పింది. ఆ గదికీ, అమ్మ కూర్చుని మాట్లాడే వసారాకీ మధ్య తాతయ్య కట్టించిన అడుగు మందం గోడలు రెండు. ఫ్యానుకీ లైటుకీ ఇన్వర్టరు ఉంది గాని, రౌటరు పెట్టిన ప్లగ్గుకి లేదు. కరెంటు పోతే నెట్టూ పోతుంది. అమ్మేమో ఫ్యాను తిరుగుతోంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటుంది.

తమ్ముడు లైను వేసిన కుర్రాణ్ణి పిలిపించి, పొడుగు వైరు లాగించి, రౌటరుని వసారా గుమ్మం పక్కన గూట్లో పెట్టించాడు. ఇన్వర్టరు ప్లగ్గుకి తగిలించాడు. గుడ్డ తీసేస్తుంటే, "వేడెక్కుతుందా? అదేం పాలా?" అని అమ్మ వాడితో తగువు పెట్టుకుందట.

ఆ తర్వాతి ఆదివారం అమ్మ మొహం అద్దంలో చూసినట్టు వచ్చింది. ముక్కుపుడక మెరుపు కూడా కనిపించింది. అరగంట అయినా చక్రం లేదు, తెగడం లేదు. నేను గెలిచానన్నట్టు మావారి వైపు చూశాను. అప్పుడు అమ్మ అంది, "ఇవాళ కూడా నీ మాట సరిగ్గా తెలియట్లేదే. మీ నెట్ ఇంకా బాగుపడలేదు."

ఆ రెండు రోజులకే గాలివానకి మా వీధిలో నెట్ మొత్తం పోయింది. ఉత్త ఫోను చేశాను. పిన్ని అక్కడే ఉంది. "భోజనం అయ్యిందా అమ్మా?" అంటే, "ఆ, నిన్ననే వచ్చింది" అంది అమ్మ. గట్టిగా మళ్ళీ అడిగాను. "వీడియోలో రావే. ఉత్త ఫోనులో నాకేం తెలియదు. మీ లైను బాగోలేదు" అని విసుక్కుని ఫోను పిన్నికిచ్చింది. పిన్ని, "నాకు నీ మాట పక్కన కూర్చున్నట్టు వినపడుతోందే అమ్మాయ్" అంది.

అదే ఫోను, అదే లైను, అదే నా గొంతు.

ఆ క్షణంలో ఎన్నో సంగతులు వరసగా గుర్తొచ్చాయి. ఎప్పుడు చేసినా "వీడియోలో రా" అనేది. మనవల మొహాలు చూడాలని ప్రేమ కొద్దీ అంటోందనుకున్నాను. బొమ్మ ఆగిపోగానే "ఒక్క ముక్క తెలియట్లేదు" అనేది. నేను పక్కకి తిరిగి పిల్లలతో మాట్లాడి మళ్ళీ తన వైపు తిరిగితే, "ఏమన్నావు?" అనేది. అమ్మ ఇన్నాళ్ళూ నా పెదాలు చూసి మాట పట్టుకుంటోంది. బొమ్మ ఆగితే ఆమెకి మాట కూడా ఆగిపోయేది. ఆ సంగతి ఆమెకే తెలియదేమో, లేక తెలిసీ నెట్ మీదికి నెట్టేసిందేమో. వాళ్ళ నెట్ బాగోలేదని అమ్మ, అమ్మవాళ్ళ నెట్ బాగోలేదని నేను, మా రౌటరు బాగోలేదని మావారు. అందరం పెట్టెని తిట్టుకుంటూ కూర్చున్నాం.

డాక్టరు దగ్గరికి అంటే అమ్మ మొదట ఒప్పుకోలేదు. "నాకేం చెవుడు లేదు. కుక్కరు కూతలు వినపడట్లేదా?" అంది. చెల్లి హైదరాబాదు నుంచి వెళ్ళి గుంటూరులో చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించింది. వయసుతో వచ్చే లోపమేనట, రెండు చెవులకీ ఉంది. డాక్టరుగారు చెప్పింది మీకూ చెప్తాను. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు సన్నటి శబ్దాలు పోతాయి. స, శ, త, క లాంటి హల్లులు జారిపోయి అచ్చులు మిగులుతాయి. అందుకే వాళ్ళకి చప్పుడు వినపడుతుంది గాని మాట తెలియదు. ఆడవాళ్ళ, పిల్లల గొంతులు ఇంకా కష్టం. మా అన్నయ్య చేస్తే బాగానే వినపడేదనీ, నేను చేస్తేనే నెట్ బాగుండదనీ అమ్మ ఎందుకనేదో అప్పుడు అర్థమైంది.

చెవికి మిషను పెట్టారు. మొదటి వారం, "గిన్నెల చప్పుడుకి బుర్ర పగిలిపోతోంది, తీసి పారేస్తాను" అంది. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పారు. ఇప్పుడు పొద్దున్న పెట్టుకుని రాత్రి దాకా తియ్యడం లేదట.

ఇంతకీ రౌటరు కొన్నామా లేదా అని అడుగుతారు కదూ. కొన్నాం! కారణం మాత్రం వేరే.

అన్నీ సర్దుకున్నాక వదిన, "ఆ పెట్టె బోర్లించి మోడలు నంబరు చదువు. తయారు చేసినవాళ్ళ సైటులో ఇంకా అప్‌డేట్లు ఇస్తున్నారేమో చూడు" అంది. చూస్తే మా మోడలుకి 2021లోనే ఆపేశారు. స్పీడు బాగున్నా సరే, అప్‌డేట్లు ఆగిన రౌటరు తాళం అరిగిపోయిన వీధి తలుపు లాంటిది. 2025 మే నెలలో ఎఫ్‌బీఐ ఇలాంటి పాత రౌటర్ల గురించే హెచ్చరిక ఇచ్చింది. దొంగలు వాటిలోకి దూరి, తాము చేసే నేరాలు మన ఇంటి నుంచి చేసినట్టు కనపడేలా వాడుకుంటున్నారట. మన బ్యాంకు పనులు, ఆఫీసు పనులు, పిల్లల చదువులు అన్నీ ఆ తలుపు లోంచే కదా. దీనికి మాత్రం స్థలం మార్చడం మందు కాదు, పెట్టె మార్చాల్సిందే.

తొంభై డాలర్లు పెట్టి మామూలు వైఫై 6 రౌటరు కొన్నాం. మా ఫోన్లకి, మా 300కి అది చాలు. అప్‌డేట్లు ఎన్నాళ్ళు ఇస్తారో చూసి మరీ కొన్నాం. పాత వైఫై పేరు, పాస్‌వర్డు కొత్తదానికీ పెట్టేసరికి ప్రింటరు, టీవీ, గుమ్మం దగ్గర కెమెరా అన్నీ వాటంతట అవే కలిసిపోయాయి. రౌటరు లోపలి సెట్టింగులకి ఉండే పాస్‌వర్డు మాత్రం మొదటిరోజే మార్చేశాం. మావారికి సాలీడు దక్కలేదు గాని, కొత్త పెట్టెకి నాలుగు కొమ్ములున్నాయి. సర్దుకుపోతున్నారు.

మీ ఇంట్లోనూ ఈ చర్చ వస్తే ముందు వైరుతో చూడండి, తర్వాత పెట్టె పక్కన, తర్వాత మీరు కూర్చునే చోట. వైరుతోనే తక్కువ వస్తే ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చెయ్యండి. పక్కన బాగుండి గదిలో తగ్గితే పెట్టెని ఇంటి మధ్యకి తెచ్చి చూడండి. అప్పటికీ పెద్ద ఇంట్లో చివరి గదికి అందకపోతే రెండు మూడు పెట్టెలు కలిసి పని చేసే మెష్ గురించి ఆలోచించండి. రౌటరు ఇంటర్నెట్ కంపెనీదే అయితే, ముఖ్యంగా నెల నెలా అద్దె కడుతుంటే, కొత్తది ఇమ్మని అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు. దుబాయిలో, అబుదాబిలో ఉన్నవాళ్ళు వాట్సాప్ కాల్ కలవలేదని రౌటరు మార్చకండి. అది అక్కడి నిబంధన, పెట్టె తప్పు కాదు. అందరూ పెట్టె బోర్లించి మోడలు నంబరు మాత్రం ఒకసారి చూసుకోండి.

ఇంకొక్క పరీక్ష, దీనికి వైరూ అక్కర్లేదు. ఈ వారం అమ్మకో అత్తయ్యగారికో వీడియో లేకుండా ఉత్త ఫోను చేసి, మామూలు గొంతుతో ఒక కొత్త కబురు చెప్పండి. వాళ్ళు ఏం విన్నారో అడగండి.

మొన్న ఆదివారం నేను కావాలనే ఉత్త ఫోను చేశాను. అమ్మ విసుక్కోలేదు. "పక్కింటి అమ్మాయి పెళ్ళి మాఘమాసంలోనే. పిల్లవాడు ఏలూరులో బ్యాంకులో చేస్తాడు, బుద్ధిమంతుడు" అంది. నవంబరులో సగంలో ఆగిన కబురు అలా పూర్తయింది. నేను, "మరి కట్నమో?" అని గుసగుసగా అడిగాను.

"గుసగుసలెందుకే, నాకు వినపడుతూనే ఉంది" అంది అమ్మ.